కరువు కాలంలో కృతజ్ఞత నేర్పిన క్లౌ దొర

ఒంగోలు: జిల్లాలోని క్రైస్తవ కుటుంబాలలో కృతజ్ఞత కూటం అనే మాట వినని ఇల్లు ఉండదు. బిడ్డ పుట్టినా, కొత్త ఇంట్లో చేరినా, జబ్బు నయమై ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చినా పాస్టరుగారిని పిలిచి, ఇరుగుపొరుగు వారిని కూర్చుండబెట్టి, పాటలు పాడి ప్రార్థన చేయించుకోవడం ఆచారం. ఇంటి పెద్ద కన్నుమూసి ఏడాది నిండిన రోజున కూడా ఆ కుటుంబం స్తోత్రం చెప్పే కూటమే పెట్టుకుంటుంది. కలిగిన రోజున దేవునికి వందనాలు చెప్పుకోవడం ఎవరికైనా తెలిసినదే. ఏమీ లేని రోజున, రేపటి గింజ ఎక్కడ నుంచి వస్తుందో తెలియని రోజున స్తోత్రం చెప్పిన జనం ఈ ప్రాంతంలో ఒకప్పుడు వేల సంఖ్యలో ఉన్నారు. 1876-78 నాటి మహా కరువు వారిని అలా నిలబెట్టింది. ఆ జనానికి పెద్దదిక్కుగా నిలిచిన మిషనరీ డాక్టర్ జాన్ ఎవరెట్ క్లౌ.

క్లౌ 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఫ్రూస్‌బర్గ్ సమీపాన ఒక రైతు కుటుంబంలో జన్మించారు. తెలుగువారి మధ్య సేవకై అమెరికన్ బాప్టిస్టుల తరఫున శామ్యూల్ డే భారతదేశంలో అడుగుపెట్టినది కూడా ఆ సంవత్సరమే. క్లౌ కుటుంబం మెరుగైన బతుకుతెరువు వెదుక్కుంటూ పడమటికి తరలి, ఇల్లినాయ్ మీదుగా అయోవా రాష్ట్రానికి చేరింది. యుక్తవయసులో ఆయన ప్రభుత్వ సర్వే బృందంలో గొలుసు లాగే పనికి కుదిరి, మిన్నెసోటా అడవులలోను, మైదానాలలోను తిరుగుతూ సర్వేయరు స్థాయికి ఎదిగారు. భూమిని కొలవడం, మట్టిపని లెక్క కట్టడం, కూలీలను నడిపించడం ఆ వయసులోనే చేతికి వచ్చిన విద్యలు. అవి ఇరవై ఏళ్ల తర్వాత ఎక్కడ, ఎవరి ప్రాణాలు నిలపడానికి ఉపకరిస్తాయో అప్పుడు ఆయనకు తెలిసే అవకాశం లేదు.

దైవభక్తి మాత్రం ఆయనకు తొలినాళ్లలో అలవడలేదు. న్యాయవాది కావాలన్నది ఆయన కోరిక. అందుకోసం బర్లింగ్టన్ విద్యాలయంలో చేరినప్పుడు గదిలో తోడుగా ఉన్న విద్యార్థి ప్రతి రాత్రి మోకాళ్లూని ప్రార్థించేవాడు. ఆ ప్రార్థనలు తనకు అడ్డుగా ఉన్నాయని క్లౌ గది నడుమ సుద్దముక్కతో ఒక గీత గీసి, అతని భక్తిని ఆ గీతకు అవతలే ఉంచుకోమని షరతు పెట్టారు. మిత్రుడు వాదించలేదు, ప్రార్థన మానలేదు. కొన్నాళ్లకు ఆ గీత దాటి వెళ్లి అతని ప్రక్కన మోకరించినది క్లౌ గారే. 1858లో ఆయన బాప్తిస్మం పొందారు. 1861లో హారియట్ సండర్లాండ్‌ను వివాహమాడారు.

ప్రార్థన కొండ

క్లౌ రాకకు పూర్వమే తెలుగు మిషన్ మూతపడే స్థితికి పలుమార్లు చేరిందన్న సంగతి నేటి తరంలో చాలామందికి తెలియదు. శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడి ఎంత శ్రమించినా సంఘంలో చేరినవారిని వేళ్లమీద లెక్కించవచ్చును. ఇంత ఖర్చుకు ఇంతేనా ఫలితమని అమెరికాలోని మిషన్ పెద్దలు విసుగు చెందారు. 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన సమావేశంలో నెల్లూరు కేంద్రాన్ని ఎత్తివేసే ప్రతిపాదన వచ్చినప్పుడు, దేశపటంలో ఒంటిగా కనిపించే ఆ కేంద్రాన్ని ఒంటరి తారగా పోల్చుతూ శామ్యూల్ స్మిత్ అనే కవి రాసిన పద్యం సభ్యుల మనసు మార్చిందని చెబుతారు. అప్పటినుంచి దీనికి లోన్ స్టార్ మిషన్ అనే పేరు స్థిరపడింది.

ఆ మరుసటి ఏడు, 1854 జనవరి 1న, తెల్లవారుజామున లైమన్ జూయెట్ దంపతులు, నర్సు, జూలియా, రూతు అనే ముగ్గురు తెలుగు క్రైస్తవులు, మొత్తం అయిదుగురు ఒంగోలు పట్టణాన్ని ఆనుకొని ఉన్న కొండ ఎక్కారు. ఆ ఊరిలో వారికి ఇల్లు లేదు, సంఘం లేదు. తూర్పున వెలుగు రేకలు పొడసూపే వేళ ఒంగోలుకు ఒక సేవకుని పంపమని ఒకరి తరువాత ఒకరు ప్రార్థించి దిగి వచ్చారు. ఆ ప్రార్థనకు సమాధానంగా మనిషి రావడానికి పన్నెండేళ్లకు పైగా పట్టింది. పట్టణవాసులు ప్రార్థన కొండ అని పిలుచుకునే కొండ అదే. మధ్యలో 1862లో మిషన్‌ను మూసివేయాలన్న మాట మళ్లీ వచ్చింది. సెలవుపై స్వదేశంలో ఉన్న జూయెట్ ఆరోగ్యం సరిగా లేకున్నా తాను ఒంటరిగానైనా తిరిగి వెళ్లి తెలుగువారి మధ్యనే ప్రాణం విడుస్తానని పట్టుబట్టడంతో పెద్దలు తలవంచవలసి వచ్చింది.

ఆ జూయెట్ తిరుగు ప్రయాణంలోనే క్లౌ దంపతులు తోడుగా వచ్చారు. 1864 నవంబరు 30న బోస్టన్ రేవులో ఓడ ఎక్కినవారు 1865 ఏప్రిల్‌లో మద్రాసులో దిగారు. దాదాపు అయిదు నెలల సముద్రయానమది. నెల్లూరులో తెలుగు నేర్చుకుని, 1866 సెప్టెంబరులో క్లౌ కాపురం ఒంగోలుకు మారింది. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోని ఒక తాలూకా కేంద్రం. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు బాప్టిస్టు సంఘం ఏర్పడింది.

చెప్పులు కుట్టే చేతులు

ఒంగోలు సంఘ చరిత్రలో క్లౌ పేరు ఎంత చెబుతారో అంతకు తగ్గకుండా చెప్పవలసిన పేరు యెర్రగుంట్ల పేరయ్యది. ఒంగోలుకు పడమరగా సుమారు నలభై మైళ్ల దూరంలోని తాళ్లకొండపాడు ఆయన ఊరు. పుట్టుకచే మాదిగ. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవారు. అక్షరం రాకున్నా ఆత్మవిచారం విడువని మనిషి. రాజయోగం బోధించే గురువులను ఆశ్రయించి ఏళ్ల తరబడి సాధన చేశారు. వ్యాపారం పని మీద ఉత్తరాదికి వెళ్లినప్పుడు ఏలూరులో ఒక ఆంగ్ల మిషనరీ బోధ విని, ఆయన సూచన మేరకు ఒంగోలుకు వచ్చిన దొరను వెదుక్కుంటూ చేరారు. 1866లో పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం పొందారు. ఆపై పేరయ్య ఇంటి దగ్గర ఊరుకోలేదు. తోళ్లు కొనడానికి తిరిగిన దారులలోనే సువార్త చెబుతూ తిరిగారు. ఆయన పిలుపు మీద 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్లి చింతతోపులో గుడారం వేశారు. చుట్టుపక్కల పల్లెల నుంచి సద్ది కట్టుకుని వచ్చిన జనం చెట్ల క్రిందనే నిద్రించి, దినమెల్లా బోధ విన్నారు. చివరిరోజున 28 మందికి బాప్తిస్మం జరిగింది.

ఇక్కడే క్లౌ జీవితంలో పెద్ద చిక్కు వచ్చిపడింది. ఒంగోలులో ఆయన పెట్టిన పాఠశాలకు అగ్రవర్ణాల పిల్లలు వస్తున్నారు, పట్టణ పెద్దలు ఆదరిస్తున్నారు. మాదిగలను చేర్చుకుంటే తమ పిల్లలను పంపబోమని వారు స్పష్టంగా చెప్పారు. పలుకుబడి గల వర్గాన్ని ముందు చేరదీసుకుంటే క్రింది వర్గాలు తామే వస్తాయని ఆనాటి మిషనరీలలో పలువురు నమ్మేవారు. క్లౌ దంపతులు ఎటూ తేల్చుకోలేక, ఒకరికి తెలియకుండా ఒకరు వేర్వేరు గదులలో ప్రార్థించి బైబిలు తెరిచినప్పుడు, కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం ఇద్దరి కంటా పడిందట. లోకం నీచమని ఎంచిన వారినే దేవుడు ఏర్పరచుకున్నాడని తెలిపే భాగమది. పాఠశాల ఖాళీ అయితే కానిమ్మని వారు మాదిగలకు తలుపు తెరిచారు. పాఠశాల అన్నట్లుగానే ఖాళీ అయింది.

సంఘంలో చేరేవారికి క్లౌ పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. వినడానికి తేలికగా తోచే ఈ మూడు మాటలూ పల్లె జీవితంలో నిప్పు రాజేశాయి. జాతరలో డప్పు కొట్టేది ఎవరు? ఆసామి పిలిచిన ఆదివారం చేలోకి దిగేది ఎవరు? పల్లె ఆనవాయితీ మాదిగ గూడెం మీద మోపిన వెట్టి ఎంతటిదో ఆ నియమాలు బయటపెట్టాయి. క్రైస్తవులైన వారికి ఊరి బావి నీరు నిలిపివేయడం, కొట్టడం, అబద్ధపు కేసులు బనాయించడం పలుచోట్ల జరిగాయి. కోర్టు కచేరీల వెంట వారి పక్షాన తిరగడం క్లౌ దినచర్యలో భాగమైంది. ఇంత జరుగుతున్నా ఏటేటా చేరేవారు పెరిగారే గాని తరగలేదు. 1872లో అమెరికా వెళ్లిన క్లౌ రామాయపట్నంలోని వేదాంత పాఠశాల కోసం విరాళాలు కూడగట్టుకుని 1874లో తిరిగివచ్చారు. 1876 ముగిసేసరికి ఒంగోలు సంఘంలో సభ్యులు మూడు వేలకు పైబడ్డారు.

ధాత కరువు

అప్పుడు వచ్చింది ధాతనామ సంవత్సరపు కరువు. 1876లో వానలు ముఖం చాటేశాయి. మరుసటి ఏడాదీ అదే తీరు. మద్రాసు రాజధానితో పాటు మైసూరు, హైదరాబాదు, బొంబాయి ప్రాంతాలను కబళించిన ఈ కరువులో బ్రిటిషు పాలిత ప్రాంతాలలోనే సుమారు 55 లక్షల మంది మరణించి ఉంటారని అంచనా. దేశంలో గింజలు లేక జరిగిన ఘోరం మాత్రమే కాదది. ధరలు మండిపోతున్న కాలంలోనూ ధాన్యం ఓడల మీద ఎగుమతి అవుతూనే ఉన్నది. కూలి దొరకని పేదకు అంగడిలో గింజలున్నా లేనట్లే. పైరు లేకపోతే పాలేరుకు పని ఉండదు, పశువు చస్తే మాదిగకు వృత్తి ఉండదు. గడ్డలు, ఆకులలములు తిని జనం రోగాల పాలయ్యారు. ఆకలి వెనుకనే కలరా నడిచివచ్చింది.

మిషన్ బంగళా ఆవరణ ఆకలిగొన్న వారితో నిండిపోయింది. ఉన్నది పంచిపెట్టడం ఎన్నాళ్లు సాగుతుంది? ఆ సమయంలో ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్వకం చేపట్టింది. మద్రాసు గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం పేరు మోసిన ఈ కాలువలో నెల్లూరుకు ఉత్తరాన కృష్ణా డెల్టా కాలువలతో కలిపే భాగం ఈ కరువు రోజులలో తవ్వినదే. పని ఉన్నదని తెలిసినా గూడెం జనం అక్కడికి వెళ్లడానికి జంకారు. అజమాయిషీ చేసే మేస్త్రీలు వారిని హీనంగా చూడడం, కొట్టడం, కొలతలో మోసం చేసి కూలి కోయడం జరుగుతున్నదని మొర పెట్టుకున్నారు. అప్పుడు క్లౌ ఇంజనీరు అధికారుల వద్దకు వెళ్లి, మూడు మైళ్లకు పైబడిన కాలువ భాగాన్ని తన పేర కాంట్రాక్టుకు తీసుకున్నారు. మిన్నెసోటాలో గొలుసు లాగిన చేతికి మళ్లీ కొలతబద్ద వచ్చింది.

రాజుపాలెం వద్ద శిబిరం వెలసింది. తాటాకు పాకలు లేచాయి, తాగునీటికి బావులు తవ్వారు. సుమారు ముప్ఫై మంది బోధకులు తమ ఊళ్లు వదిలి వచ్చి మేస్త్రీలయ్యారు. పురుషులు పలుగు, పారలతో తవ్వగా స్త్రీలు తట్టలతో మట్టి మోసి గట్టు మీద పోశారు. ఒక జట్టు కొన్నాళ్లు పనిచేసి కాస్త తేరుకుని ఊరికి వెళ్తే మరో జట్టు వచ్చేది. ఈ విధంగా వేల మంది ఆ గట్ల మీద కూలి సంపాదించుకున్నారు. కాంట్రాక్టు ద్వారా క్లౌ లాభం కూడబెట్టుకోలేదు. కొలిచిన పనికి ప్రభుత్వం ఇచ్చిన సొమ్ము తవ్విన వారికే చేర్చారు. కూలి చేతికి పూర్తిగా అందడం, మేస్త్రీ నోట తిట్టు లేకపోవడం ఆ జనానికి కొత్త. అన్ని కులాలవారు అక్కడ పనిచేశారన్న విషయం కూడా గమనార్హం.

పగటి ఎండ ముదిరినప్పుడు పని ఆపి చెట్ల నీడన, గట్ల చాటున జనం చేరేవారు. అప్పుడు పార దింపిన మేస్త్రీయే బోధకుడయ్యేవాడు. భారం మోసి అలసిన వారిని తన యొద్దకు రమ్మని క్రీస్తు పిలిచిన సువార్త భాగాన్ని వారు తరచుగా చెప్పేవారు. తట్ట దింపి కూర్చున్న మనిషికి ఆ మాటకు వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. దుఃఖపడే వారి మధ్య కూర్చుని, ఈ పూట గింజలు దొరికినందుకు, బిడ్డ బతికి ఉన్నందుకు, తోడు నిలిచిన మనిషి ఉన్నందుకు దేవునికి స్తోత్రం చెప్పడం ఆ బోధకులు తమ నడవడి చేతనే చూపించారు. వారు కూడా అదే కరువులో ఉన్నవారు. వారి పాకలకూ కలరా వచ్చింది. తమకు కొదువ లేక చేసిన ఉపదేశం కాదు గనుకనే జనం చెవిన పడింది.

పదిహేను నెలల నిరీక్షణ

బాప్తిస్మం ఇమ్మని అడిగేవారు శిబిరంలోనే వందల సంఖ్యలో తయారయ్యారు. క్లౌ ఇవ్వనన్నారు. 1877 మార్చి మొదలు 1878 జూన్ వరకు, సుమారు పదిహేను నెలలు ఒంగోలు మిషన్‌లో ఒక్కరికీ బాప్తిస్మం జరగలేదు. అన్నం పెట్టి మతంలో కలుపుకున్నారన్న నింద తమ మీద పడరాదని, పొట్టకూటికి వచ్చిన వాడు పొట్ట నిండగానే పోతాడని ఆయన గట్టి అభిప్రాయం. లెక్క పెంచుకోవాలన్న ఆశ ఉన్న మనిషికి ఇంతకు మించిన అదను దొరకదు. ఆ అదనునే ఆయన వదులుకున్నారు. క్లౌ జీవితంలో 2,222 అనే అంకెను పదేపదే చెప్పుకునేవారు ఈ పదిహేను నెలల సున్నాను అంతగా చెప్పుకోరు. మనిషిని అంచనా వేయడానికి ఆ సున్నాయే ఎక్కువ ఉపకరిస్తుంది.

1878 మధ్యకు వచ్చేసరికి కాలువ కాంట్రాక్టు ముగిసింది, పంచిపెట్టడానికి ఉన్న సహాయ నిధులూ అయిపోయాయి. ఇక ఇచ్చేది ఏమీ లేదని పల్లెలకు కబురు పంపి, క్రైస్తవులు మాత్రం ఒకసారి వెల్లంపల్లి వద్ద కలుసుకోవలసిందిగా బోధకుల ద్వారా తెలియజేశారు. ఒంగోలుకు ఉత్తరంగా పది మైళ్ల దూరాన, మద్రాసు నుంచి కలకత్తా వెళ్లే రహదారి గుండ్లకమ్మ నదిని దాటే చోట ఉన్న గ్రామమది. జూన్ నెలలో క్లౌ అక్కడికి చేరేసరికి పిలిచిన వారితో పాటు పిలవని వారు వేల మంది తోపుల క్రింద విడిసి ఉన్నారు.

క్లౌ ఎత్తైన చోట నిలబడి సహాయం ఆగిపోయిందని, తన వద్ద సొమ్ము లేదని, ఇళ్లకు తిరిగి వెళ్లమని చెప్పారు. వారు కదలలేదు. తమకు సహాయం అక్కరలేదన్నారు. కాలువలో తవ్వి బొబ్బలెక్కిన చేతులు చూపి, పనిచేసి బతికినవారమే, ఇక మీదటా పనిచేసే బతుకుతామన్నారు. రాబోయే పంట కూడా పోతే చావవలసినదే, చచ్చేదేదో క్రీస్తు వారమై చస్తామని, చేర్చుకోమని అడిగారు. ఆ మాటలకు ఎదురు చెప్పలేక క్లౌ లోపలికి వెళ్లిపోయారు. బోధకులతో ఆలోచించారు. తిరిగి వచ్చి మాట్లాడినా జనం మాట మార్చలేదు. ఎవరి కడుపులోనూ నిండుగా అన్నం లేని ఆ రోజున ఆ జనం అడిగింది అన్నం కాదు. దాతకు ధన్యవాదం చెప్పి మరికొంత పుచ్చుకుందామన్న ఎత్తుగడ అందులో లేదు, ఎందుకంటే పుచ్చుకోవడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. ఇన్నాళ్లు బతికించినందుకు తమ వద్ద ఉన్న ఒకే ఒక్క వస్తువును, అంటే తమ్ము తామే, అర్పించుకుంటామన్నారు.

ఇక నిరాకరించే హక్కు తనకు లేదని క్లౌ నిర్ణయించుకున్నారు. గుంపుగా మాత్రం చేర్చుకోలేదు. ప్రతి బోధకుడు తన పరిధిలోని ఊళ్ల వారిని ఒక చోట కూర్చుండబెట్టి, తన వద్ద నున్న పట్టీలలోని పేర్లతో సరిచూసి, ఒక్కొక్కరిని విడిగా ప్రశ్నించి, ఎంతకాలంగా బోధ వింటున్నదీ, నడవడి ఎట్టిదో విచారించారు. సందేహమున్న వారిని ఆగమన్నారు. 1878 జూలై 2న 614 మంది, జూలై 3న 2,222 మంది, జూలై 4న 700 మంది, మూడు రోజులలో మొత్తం 3,536 మంది గుండ్లకమ్మ నీటిలో బాప్తిస్మం పొందారు. జూలై 3న ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీటిలో దిగి, అలసినప్పుడు వంతులు మార్చుకుంటూ, ఉదయం ఆరు గంటలకు మొదలుపెట్టి నడుమ ఎండ వేళ విరామమిచ్చి సాయంత్రం వరకు సాగించారు. ఒడ్డున గుమాస్తాలు పట్టీ చూసి పేరు చదివేవారు. క్లౌ ఆనాడు ఒక్కరికీ స్వహస్తాలతో బాప్తిస్మం ఇవ్వలేదు. ఒడ్డున ఉండి ఏర్పాట్లు చూశారు. ఆ సంవత్సరాంతానికి కొత్తగా చేరినవారి సంఖ్య 9,606కు చేరింది.

ఈ వార్త అమెరికాలో, ఇంగ్లండులో సంచలనం కలిగించింది. పెంతెకొస్తు దినాన యెరూషలేములో మూడు వేల మంది ఒక్కరోజున బాప్తిస్మం పొందడం సాధ్యమా అని శంకించిన వారికి ఒంగోలు లెక్క చూపించి జవాబు చెప్పిన బోధకులు అక్కడ ఎందరో ఉన్నారు. ప్రపంచంలోనే పెద్ద బాప్టిస్టు సంఘంగా ఒంగోలు పేరు వినబడింది. మెచ్చుకున్నవారితో పాటు ఆక్షేపించినవారూ ఉన్నారు. చదువు రాని వేల మందిని ఇంత త్వరగా చేర్చుకోవడం తొందరపాటని తోటి మిషనరీలలోనే కొందరు తప్పుపట్టారు. ఆక్షేపణలో పూర్తిగా అన్యాయం లేదు. అంత మందికి బోధ చేసే ఏర్పాటు అప్పటికి మిషన్‌కు లేనేలేదు. మిగిలిన జీవితమంతా క్లౌ పడిన శ్రమ ఆ లోటు పూడ్చడానికే అనవచ్చును. పల్లెల్లో పాఠశాలలు, బోధకులకు శిక్షణ, పట్టణంలో ఉన్నత పాఠశాల వరుసగా వచ్చాయి. ఒకే సంఘంగా ఉన్నదానిని 1880 దశకంలో పలు సంఘాలుగా విభజించారు. కరువు తీరిన తర్వాత వారంతా వెనక్కి పోతారన్న జోస్యం ఫలించలేదు. 1890 డిసెంబరు 28న ఒంగోలులో మరోసారి ఒకే రోజున 1,671 మంది చేరారు. అప్పుడు కరువూ లేదు, కాలువా లేదు.

పల్లె సంఘాలలో కోతల కాలాన తొలి పంటలోంచి ఒక కుంచమో, రెండు కుంచాలో గింజలు, పెట్టిన గుడ్లు, పెంచిన కోడి తెచ్చి బల్ల దగ్గర ఉంచే అలవాటును తెలుగు క్రైస్తవులు తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చారు. కళ్లంలో వాటా కోసం ఆసామి ముందు చెయ్యి చాచడం తప్ప, తన చేతితో ఇచ్చే స్థానం ఏనాడూ దక్కని వారికి ఆ అర్పణ ఎంతటి గౌరవాన్ని ఇచ్చిందో బయటివారికి అంత తేలికగా బోధపడదు. ఇచ్చేవాడు కావడం ఒక హోదా.

చివరి రోజులు

క్లౌ సొంత జీవితం సాఫీగా సాగలేదు. పిల్లల చదువుల కోసం భార్య హారియట్ అమెరికాలోను, ఆయన ఒంగోలులోను ఏళ్ల తరబడి విడిగా ఉండవలసి వచ్చింది. మిషన్ తొలినాళ్లలో బాలికలకు, స్త్రీలకు అక్షరాలు నేర్పిన ఆమె 1893లో కన్నుమూశారు. 1894లో క్లౌ తమ మిషన్‌లోనే పనిచేస్తున్న ఎమ్మా రౌషెన్‌బుష్‌ను వివాహం చేసుకున్నారు. సామాజిక న్యాయాన్ని సువార్తలో భాగంగా బోధించి అమెరికాలో ప్రసిద్ధుడైన వాల్టర్ రౌషెన్‌బుష్ ఈమె సోదరుడు. స్త్రీల హక్కుల గురించి రాసిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్‌పై ఎమ్మా పరిశోధన చేశారు. మాదిగల నోట విన్న జీవిత కథలు, యోగ గురువుల సంప్రదాయాలు సేకరించి 1899లో పుస్తకంగా వెలువరించారు. యెర్రగుంట్ల పేరయ్య వంటివారి పూర్వ జీవితం నేడు ఇంత వివరంగా తెలుస్తున్నదంటే ఆమె ఓపికే కారణం.

అరవై అయిదేళ్లు దాటిన ప్రాయంలో క్లౌ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. గుర్రం మీద, ఎడ్లబండి మీద తాలూకాలన్నీ చుట్టిన మనిషి కుర్చీకి పరిమితమయ్యారు. నడక పోయినా ఆయన వ్యాపకం పోలేదు. పల్లెల నుంచి బోధకులు వచ్చి కష్టసుఖాలు చెప్పుకునేవారు, ఆయన కుర్చీలోంచే పనులు పురమాయించేవారు. ఒంగోలు తాలూకా 1904లో నెల్లూరు జిల్లా నుంచి గుంటూరు జిల్లాకు మారినది కూడా ఈ కాలంలోనే. శరీరం బొత్తిగా సహకరించక చివరకు పని ఇతరుల చేతుల్లో పెట్టి స్వదేశానికి తరలివెళ్లారు. తన నలభై ఏళ్ల అనుభవాన్ని ఆయన భార్యకు చెబుతూ రాయించారు. తెలుగు పల్లెల పెద్దరికాన్ని, గూడెం కట్టుబాట్లను తాను మార్చినదెంతో, వాటినుంచి తాను నేర్చుకున్నదెంతో అందులో దాపరికం లేకుండా చెప్పుకున్నారు. వెల్లంపల్లి జనం చూపిన బొబ్బల చేతుల ప్రస్తావన ఆ పుస్తకంలోనిదే. పడమటి దేశాల సంఘ పద్ధతులను ఉన్నవి ఉన్నట్లు తెలుగు పల్లెకు తేవడం సరికాదన్న అభిప్రాయానికి ఆయన చివరి దశలో వచ్చారు.

1910 నవంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నగరంలో క్లౌ తుదిశ్వాస విడిచారు. అప్పటికి ఆయన వయసు 74 సంవత్సరాలు. ఎమ్మా ఆ రాతప్రతిని పూర్తిచేసి 1914లో అచ్చు వేయించారు. ఒంగోలులో ఆయన పేరిట ఆసుపత్రి వెలసింది. కొండ మీద ప్రార్థించిన జూయెట్ పేరిట చర్చి నిలిచింది. ఆయన తవ్వించిన కాలువ మీద కొన్ని దశాబ్దాల పాటు ధాన్యం, ఉప్పు, కట్టెలు వేసుకుని పడవలు మద్రాసు దాకా నడిచాయి.